అమెరికాలో తొలి సెమిస్టర్: రివ్యూ పేపర్ రాయవలసి వచ్చినప్పుడు

అమెరికాలో ఎమ్మెస్‌లోనో పీహెచ్‌డీలోనో చేరినవారికి తొలి సెమిస్టర్‌లోనే ఏదో ఒక కోర్సులో రివ్యూ పేపర్ (ఒక అంశం మీద ఇప్పటికే వచ్చిన పరిశోధనలను సమీక్షించే వ్యాసం) రాయవలసి రావడం మామూలే. మన కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లో 'లిటరేచర్ సర్వే' రాసిన అలవాటుతో, పేపర్‌కొక పేరా చొప్పున 'ఫలానావారు ఫలానా సంవత్సరంలో ఫలానాది కనుగొన్నారు' అని పేర్చుకుంటూ పోతే ఇక్కడి ప్రొఫెసర్లు ఒప్పుకోరు. ఆ పేపర్లన్నీ కలిసి ఏం తేల్చాయో, ఎక్కడ పొసగడం లేదో, ఎందుకో మీరే చెప్పాలని వారు ఆశిస్తారు.

ఉదాహరణకు భూగర్భజలాల నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతులను తీసుకుందాం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే ఒక పద్ధతికి ఏకంగా నల్లగొండ పేరే ఉంది కనుక, పర్యావరణ ఇంజినీరింగులో చేరిన మనవాళ్లకు ఈ అంశం మీద మనసు పోవడం సహజం. అయితే 'ఫ్లోరైడ్ తొలగింపు' అని వెతికితే చదివి ముగించలేనన్ని పేపర్లు వచ్చిపడతాయి. 'క్షారత ఎక్కువున్న బావినీటిలో యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను తన ఉపరితలానికి పట్టి ఉంచే పదార్థం) సామర్థ్యం ఎందుకు తగ్గుతుంది' అన్నంతగా ప్రశ్నను కుదించుకుంటే సెమిస్టర్‌లోపు పని తెములుతుంది.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి పరిశోధన పత్రాల డేటాబేస్‌లు చాలా విశ్వవిద్యాలయాల్లో లైబ్రరీ లాగిన్‌తోనే తెరుచుకుంటాయి. దొరకని పేపర్‌ను ఇంటర్‌లైబ్రరీ లోన్ ద్వారా వేరే లైబ్రరీ నుంచి తెప్పించుకోవచ్చు. ఏ రోజు, ఎక్కడ, ఏ పదాలతో వెతికారో రాసి పెట్టుకోండి. మిమ్మల్ని అడిగింది సిస్టమాటిక్ రివ్యూ (ముందే పెట్టుకున్న నియమాల ప్రకారం పేపర్లను వెతికి, ఏరి చేసే సమీక్ష) అయితే, అందులో ఏమేం రాయాలో చెప్పే 27 అంశాల ప్రిస్మా 2020 పట్టికను మొదటి రోజే చదవాలి. మామూలు రివ్యూకు అంత తతంగం అక్కర్లేదు.

అసలు పని ఎక్సెల్ పట్టికలో జరుగుతుంది. అడ్డువరుసకు ఒక పేపర్. నిలువు వరుసల్లో వాడిన నీరు, పీహెచ్, తొలుత ఉన్న ఫ్లోరైడ్, అల్యూమినా మోతాదు, నీటితో కలిపి ఉంచిన సమయం, చివరి ఫలితం. ఇలా నింపుతూ పోతే, ఒకే పదార్థానికి రెండు పేపర్లు పొంతన లేని అంకెలు ఇచ్చిన చోటు కంటబడుతుంది. ఒకరు డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి పరీక్షించి ఉంటారు, మరొకరు నిజమైన బావినీటినే తెచ్చి ఉంటారు. రెండోదానిలో బైకార్బొనేట్లు ఫ్లోరైడ్‌తో పోటీకి వస్తాయి, పీహెచ్ కూడా ఎక్కువగా ఉంటుంది. ఈ తేడాను వివరించే పేరాయే రివ్యూకు ప్రాణం. అందుకే ఉపశీర్షికలు రచయితల వారీగా, సంవత్సరాల వారీగా కాక, ఇలాంటి కారణాల వారీగా ఉండాలి.

నకలు విషయంలో ఇక్కడి పట్టింపు మనవాళ్లు ఊహించేదానికంటే ఎక్కువ. మూలాన్ని పేర్కొన్నా సరే, వాక్యంలో నాలుగు మాటలు మార్చి దించేస్తే అది తప్పుగానే లెక్క. సస్పెన్షన్ దాకా వెళ్తే ఎఫ్-1 విద్యార్థి వీసాకే ముప్పు వస్తుంది. పేపర్ మూసేసి, అర్థమైనది మీ మాటల్లో రాసి, ఆ తర్వాతే మూలంతో సరిచూసుకోవడం మేలు. ఏఐ సాధనాలు ఎంతవరకు వాడవచ్చో సిలబస్‌లో చూడండి. అందులో లేకపోతే ప్రొఫెసర్‌నే అడగండి. రెఫరెన్సులకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం కూడా.

పేపర్ పూర్తయ్యేదాకా ప్రొఫెసర్‌కు చూపించకూడదన్న మొహమాటం వదులుకోవాలి. ఆఫీస్ అవర్స్‌కు (ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే వేళలకు) ఆ ఎక్సెల్ పట్టిక, ఒక పేజీ రూపురేఖ పట్టుకుని వెళ్తే చాలు. ఇంగ్లిష్ విషయంలో, రాతలో సాయపడే రైటింగ్ సెంటర్‌ ఉండనే ఉంది, కానీ గడువు దగ్గరపడ్డాక అక్కడ అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం.