ఏసీ పీకించాక ఇంజన్ అరుస్తోందా? వ్యాక్యూం పైపుల సమస్యలు - పరిష్కారాలు

మొన్న సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి ఒక పాత మారుతి 800 ఒడిశాలోని మా కోరాపుట్ షెడ్డుకి వచ్చింది. కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే సామాను) ఉన్న బండి. ఏసీ పాడైతే ఓనరు కంప్రెసర్‌తో సహా అంతా పీకించేశాడు. "ఏటి గురూ, అప్పట్నుంచి గేట్ దగ్గర ఆపితే చాలు, ఇంజన్ ఒకటే అరుపు" అన్నాడు. బానెట్ ఎత్తి చూశాను. ఏసీ వేసినప్పుడు ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) పెంచే చిన్న డయాఫ్రం, అంటే పీల్పుకి కదిలే రబ్బరు పొర, లేదు. దానికి వెళ్లే పైపు మూతిలో బాల్‌పెన్ను క్యాప్ కుక్కి, పైన ఎం-సీల్ పూశారు. వేడికి ఆ ముద్ద పగిలింది. వేలు పెట్టి మూశాను, ఇంజన్ అరుపు ఠక్కున దిగింది.

సామాను తీయడం అందరికీ వచ్చు. దాని వ్యాక్యూం పైపు, అంటే ఇంజన్ పీల్పుని ఆ సామానుకి అందించే గొట్టం, ఎక్కడి నుంచి వచ్చిందో చూసేవాళ్లే తక్కువ.

ఐడిల్ పెరిగింది, లేదా ఎక్కుతూ దిగుతూ ఉంది, బుస్సుమని శబ్దం

కారణం: తెరిచి ఉన్న నిపుల్ (పైపు తగిలించే చిన్న మూతి). థ్రాటిల్‌తో (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) పని లేకుండా గాలి లోపలికి పోతోంది.

అర మీటరు రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకోండి, రెండో కొస మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల సామాను) చుట్టూ తిప్పండి. లీకు దగ్గరికి రాగానే బుస గట్టిగా వినిపిస్తుంది. అగరుబత్తి పొగతో వెతికేవాళ్లూ ఉన్నారు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పెందుకు? తర్వాత ఒక్కో పైపునీ గుడ్డ చుట్టిన ప్లయరుతో నొక్కి చూడండి. ఏది నొక్కితే ఐడిల్ మారుతుందో ఆ దారిలోనే వెతకాలి.

తెగిన పైపు కొసని మూసి వేలాడదీయకండి. పైపు మొత్తం తీసేసి, అది పుట్టిన నిపుల్‌కే రబ్బరు క్యాప్ వేసి క్లిప్పు బిగించండి. క్యాప్ కూడా వేడికి ఎండి చీలుతుంది, సర్వీసింగ్‌కి వచ్చినప్పుడల్లా గిల్లి చూడండి.

ఐడిల్‌లో మిస్సింగ్, రేజ్ చేస్తే సర్దుకుంటుంది

ఇదీ లీకే, కాకపోతే ఒక సిలిండర్ దారిలో. 800కి ఉన్న మూడు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. ఒక్కటే తెల్లగా పాలిపోయి ఉంటే దాని దారిలోని నిపుల్, గాస్కెట్ చూడండి.

ఘాటీలో తేడా లేదు, సాఫు రోడ్డు మీద మైలేజీ పడిపోయింది

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే సామాను) పైపు ఊడిపోయి ఉంటుంది. నిండా తొక్కి ఎక్కేటప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూం ఎలాగూ ఉండదు, కాబట్టి ఎక్కుడులో తెలియదు. పక్కనున్న జైపూర్ వైపు తేలిగ్గా పోయేటప్పుడే ఆ పైపు అవసరం. పైపుని నోటితో పీల్చి నాలుక అడ్డం పెట్టండి. డయాఫ్రం బాగుంటే నాలుక అలాగే అతుక్కుని ఉంటుంది. చాలా కార్బురేటర్ బళ్లలో ఈ పైపు థ్రాటిల్ ప్లేటుకి కాస్త పైనున్న నిపుల్ నుంచి రావాలి. ఖాళీగా ఉంది కదా అని మానిఫోల్డ్ నిపుల్‌కి తగిలిస్తే టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) ఐడిల్‌లోనే ముందుకు జరిగి, మళ్లీ అదే అరుపు.

బ్రేకు గట్టిగా ఉంది

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇది. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదంటే బూస్టర్‌కి (పీల్పుతో బ్రేకు బలం పెంచే డబ్బా) వ్యాక్యూం అందడం లేదు. వేలు లావు పైపు చీలిందా, చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) తిరగేసి బిగించారా చూడండి. ఈ పైపు బదులు మెత్తటి పెట్రోలు పైపు వేయొద్దు, లోపలి పీల్పుకి అణిగి మూసుకుపోతుంది. పెట్రోలు కలిసొస్తుందని సుంకి దిగుడులో ఇంజన్ ఆపేసేవాళ్లకి ఒక మాట: బూస్టర్‌లో మిగిలే వ్యాక్యూం రెండు మూడు తొక్కుళ్లకే సరిపోతుంది.

కొంత దూరం పోయాక ఆగిపోతోంది, ట్యాంకు మూత తీస్తే "సుయ్"మంటోంది

క్యానిస్టర్ (ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆవిరిని పట్టే డబ్బా) పీకి, ట్యాంకు గాలిగొట్టాన్ని కూడా మూసేశారు. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు ఎలా వస్తుంది? అసలు క్యానిస్టర్, ఈజీఆర్ (సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) పనికిరాని సామాను కాదు, కాలుష్యం తగ్గించడానికి పెట్టినవి. వాటిని తిరిగి పెట్టించండి. క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు పెట్టె) గాలి పైపు మూసినా అంతే, ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది.

వ్యాక్యూం కొలిచే గేజ్ పెట్టి చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మైదానంలో 18, 19 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపించే మంచి ఇంజన్ ఇక్కడ 15, 16 చూపిస్తుంది. దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉన్నాం, ప్రతి 300 మీటర్లకీ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు నిలకడగా ఉంటే చాలు, లేని లీకు కోసం వెతక్కండి.

బొలేరో, సుమో లాంటి పాత డీజిల్ బళ్లలో వ్యాక్యూం ఆల్టర్నేటర్ వెనకున్న పంపు నుంచి వస్తుంది. అక్కడ లీకైతే ఐడిల్‌లో ఏమీ తెలియదు, నేరుగా బ్రేకే గట్టిపడుతుంది.

ఆ 800కి రెండు రూపాయల పని అనుకున్నాను. క్యాప్ వేయగానే ఇంజన్ ఆగిపోయింది. అరుపు తగ్గించడానికి ఎవరో ఐడిల్ స్క్రూ బాగా వెనక్కి తిప్పేశారు. దాన్ని మళ్లీ సెట్ చేసేసరికి సాయంత్రమైంది.