ఐరన్ మాత్రలు వేసినా రక్తం పట్టకపోతే: కారణాన్ని కడుపులోనూ పేగుల్లోనూ వెతికే పద్ధతి

ఎన్ని మాత్రలు వేసినా రక్తం పట్టడం లేదనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. హిమోగ్లోబిన్ తొమ్మిదికి పడిపోయిందని మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడతారు, పదకొండు దాటగానే ఆపేస్తారు, ఆరు నెలలు తిరిగేసరికి అది మళ్లీ తొమ్మిదికి వస్తుంది. అప్పుడు ఆ మనిషి సరిగా తినడం లేదని మందలించి, బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు మొదలుపెట్టించి, మరో టానిక్ సీసా కొంటారు. కడుపునొప్పి గానీ విరేచనాలు గానీ లేనందువల్ల లోపం జీర్ణవ్యవస్థలో ఉండవచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. పెరిగిన రక్తం మళ్లీ పడిపోతున్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి: తిన్న ఐరన్ ఒంట్లోకి చేరుతున్నదా, చేరినది ఎక్కడైనా కారిపోతున్నదా? ఈ రెండింటికీ జవాబు వెతికే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా లోపల జరిగే పని తెలియాలి. ఐరన్ ప్రధానంగా జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగంలో ఒంటపడుతుంది, దానికి జీర్ణాశయంలోని ఆమ్లం తోడ్పడుతుంది. బీ12 విటమిన్ మాత్రం జీర్ణాశయం తయారుచేసే ఒక ప్రొటీన్‌తో కలిసి, చిన్నపేగు చిట్టచివరి భాగం వరకూ ప్రయాణించి అక్కడ లోనికి వెళ్తుంది. అందువల్ల ఏ పోషకం తగ్గిందన్న దాన్నిబట్టి పేగులో ఏ చోట లోపం ఉందో కొంతవరకు ఊహించవచ్చు.

ఇక నష్టం సంగతి. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. మన శరీరం మామూలుగా రోజంతటి తిండి నుంచి గ్రహించేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు. పేగులోని చిన్న పుండు నుంచి రోజుకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను రక్తం కారినా రెండున్నర మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది, ఆదాయం కంటే ఖర్చు ఎక్కువవుతుంది. అంత కొద్ది రక్తానికి మలం రంగు మారదు. పైపేగుల్లో కారిన రక్తం వల్ల మలం తారులా నల్లబడాలంటే సుమారు 50 మిల్లీలీటర్లైనా పోవాలి. నెలల తరబడి రక్తం పోతున్నా మనిషికి తెలియకపోవడానికి కారణం ఇదే.

పేగు జబ్బు ఒళ్లంతటినీ ఎలా కుంగదీస్తుందో తెలుగువారికి బాగా తెలిసిన ఒక శాస్త్రవేత్త జీవితంలోనే కనిపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చిన్నపేగు పోషకాలను గ్రహించలేని ట్రాపికల్ స్ప్రూ అనే వ్యాధికి ఆత్మీయులను పోగొట్టుకున్నారు, తాము కూడా దాని బారిన పడి కోలుకున్నారు. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలేట్ అనే విటమిన్ రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకు అది మందయింది.

మొదటి పని: పాత రిపోర్టులను వరుసగా పెట్టడం

గత రెండు మూడేళ్ల రక్తపరీక్షల కాగితాలను తేదీల క్రమంలో పేర్చండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డెసిలీటరుకు పురుషులలో 13, గర్భిణులు కాని స్త్రీలలో 12, గర్భిణులలో 11 (నాలుగు నుంచి ఆరో నెల వరకు 10.5) గ్రాముల కంటే హిమోగ్లోబిన్ తక్కువైతే రక్తహీనతగా పరిగణిస్తారు. చాలామంది ఈ ఒక్క అంకె చూసి కాగితం మడిచేస్తారు, కానీ దాని కిందనే ఉండే ఎంసీవీ అనే అంకె, అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం, ఎక్కువ విషయం చెబుతుంది. అది 80 కంటే తక్కువైతే ఐరన్ లోపాన్నీ, 100 దాటితే బీ12 లేదా ఫోలేట్ లోపాన్నీ ముందుగా అనుమానించాలి. రెండు లోపాలూ కలిసి ఉన్నప్పుడు మాత్రం ఇది మధ్యలో నిలిచి మామూలుగా కనిపించే ప్రమాదం ఉంది. చిన్నపేగు జబ్బుల్లో ఇలా జరగడం అరుదు కాదు.

ఆ తరువాత ఫెరిటిన్ చూడాలి. అది ఒంట్లోని ఐరన్ నిల్వకు గుర్తు; లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే నిల్వ ఖాళీ అయినట్టే. అయితే ఒంట్లో ఎక్కడైనా లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే ఫెరిటిన్ పైకి లేస్తుంది, కనుక దానితోపాటు సీఆర్‌పీ అనే, వాపును కొలిచే రక్తపరీక్ష కూడా చేయించడం మంచిది. ఎంసీవీ బాగా తక్కువగా ఉండి ఫెరిటిన్ నిండుగా ఉంటే, అది పుట్టుకతో వచ్చే, ఎర్రకణాలు చిన్నవిగా తయారయ్యే తలసీమియా ట్రెయిట్ కావచ్చు. అలాంటివారు తెలియక ఏళ్ల తరబడి ఐరన్ మింగడం తగదు.

రెండవ పని: డాక్టరుకు చెప్పవలసినవి రాసుకోవడం

మొదట మాత్ర వేసుకునే తీరును పరిశీలించుకోవాలి. టీ, కాఫీలతోనో, కాల్షియం మాత్రతో కలిపో వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటపట్టదు. నిమ్మరసంతో, వాటికి దూరంగా వేసుకుంటూ కూడా ఫలితం లేకపోతేనే పేగుల మాట ఎత్తడం న్యాయం. స్త్రీలకు నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉందా అన్నది తప్పనిసరిగా చూడాలి. కానీ అన్నింటికీ దానినే కారణంగా చెప్పి పంపేయడం కూడా నేను చాలా ఇళ్లలో చూసిన పొరపాటు.

మోకాళ్ల నొప్పులకు, నడుము నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, గుండె కోసం వాడే ఆస్పిరిన్ నొప్పి తెలియకుండానే జీర్ణాశయంలోనూ చిన్నపేగులోనూ పుండ్లు పడేలా చేయగలవు. మరోవైపు, పొద్దున్నే పరగడుపున ఏళ్ల తరబడి వేసుకునే పాంటప్రజోల్, ఒమిప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు ఆమ్లాన్ని తగ్గించి ఐరన్‌నూ బీ12నూ సరిగా ఒంటపట్టనివ్వవు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను తగ్గిస్తుంది. వీటిని మందులుగానే లెక్కపెట్టని అలవాటు మనలో ఉంది కాబట్టి, డాక్టరు అడిగినప్పుడు ఇవి చెప్పకుండా మిగిలిపోతాయి. పేర్లతో సహా రాసుకెళ్లండి.

కడుపుతో సంబంధం లేనట్టు కనిపించే లక్షణాలను కూడా చేర్చండి. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడం ఐరన్ లోపానికి గుర్తు. నాలుక మండటం, అరికాళ్లలో తిమ్మిర్లు, చీకట్లో నడక తూలడం బీ12 లోపాన్ని సూచిస్తాయి. రక్తం మామూలుగానే ఉన్నా నరాలు దెబ్బతినవచ్చు, ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. థైరాయిడ్ మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటున్నా మోతాదు పెంచవలసి వస్తున్నదంటే, ఆ మాత్ర కూడా పేగుల్లో సరిగా ఒంటపట్టడం లేదేమో ఆలోచించాలి.

పొలంలో చెప్పులు లేకుండా పనిచేసేవారు ఆ సంగతి చెప్పాలి. కొంకిపురుగు పాదాల చర్మం గుండా ప్రవేశించి చిన్నపేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. మలపరీక్ష, ఆల్బెండజోల్ మాత్ర సులువుగా, చవకగా దొరికేవి.

మూడవ పని: పరీక్షలకు సరిగా సిద్ధపడటం

సరిగా సిద్ధపడకుండా చేయించుకున్న పరీక్ష తప్పుడు భరోసా ఇస్తుంది, కనుక ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. జీర్ణాశయంలో నివసించే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించారు, 2005లో నోబెల్ బహుమతి పొందారు. ఇది చాలామందిలో ఏ బాధా కలిగించకుండానే ఉండిపోతుంది, కొందరిలో ఆమ్లాన్ని తగ్గించో పుండ్లు పుట్టించో ఐరన్ లోపానికి దారితీస్తుంది. దీనికోసం శ్వాసపరీక్ష గానీ మలంలో ఆ సూక్ష్మజీవి ఆనవాళ్లను వెతికే యాంటిజెన్ పరీక్ష గానీ చేయించాలి. రక్తంలో చేసే యాంటీబాడీ పరీక్ష పాత ఇన్ఫెక్షన్‌కూ ఇప్పటిదానికీ తేడా చెప్పలేదు. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్రలు, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ ఆపి ఉండాలి. అయితే గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడుతున్నవారు ఏ మాత్రనూ సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడిగి తీరాలి.

గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉత్తర భారతంతో పోలిస్తే మన ప్రాంతంలో తక్కువే. అయినా షుగరు కోసం రాత్రిపూట అన్నం మాని చపాతీలు తినే ఇళ్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి కాబట్టి దానిని కొట్టిపారేయలేము. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్షతో, మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) కొలతతో కలిపి వెతుకుతారు. అనుమానం రాగానే గోధుమ మానేసి ఆ తరువాత పరీక్షకు వెళ్లడం పెద్ద పొరపాటు, ఎందుకంటే గ్లూటెన్ ఆగితే రక్తంలోని ఆనవాళ్లు క్రమంగా చెరిగిపోతాయి.

పురుషులకూ, నెలసరి ఆగిపోయిన స్త్రీలకూ ఐరన్ లోపం రుజువైతే, వేరే స్పష్టమైన కారణం లేనప్పుడు, నోటి గుండా కెమెరా గొట్టంతో జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీ, మలద్వారం గుండా పెద్దపేగును చూసే కొలనోస్కోపీ రెండూ చేయించమని వైద్యులు చెబుతారు. పెద్దపేగు కుడివైపు వచ్చే క్యాన్సర్ తొలిదశలో తరచుగా ఈ రక్తహీనతగానే బయటపడుతుంది. మలంలో దాగిన రక్తం లేదని ఒకసారి రిపోర్టు వచ్చినంత మాత్రాన, మొలలు ఉన్నాయన్నంత మాత్రాన ఈ పరీక్షలను వాయిదా వేయకండి. కొలనోస్కోపీకి వారం ముందు ఐరన్ మాత్రలు ఆపమంటారు, అవి పేగు గోడకు నల్లగా అంటుకుని కనబడనివ్వవు. ఐరన్ వాడేవారికి మలం ముదురు రంగులో రావడం మామూలే, కానీ తారులా జిగటగా, దుర్వాసనతో నల్లగా వచ్చినా, కళ్లు తిరిగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స తరువాత

పైలోరీకి మందుల కోర్సు ముగిసిన నాలుగు వారాలకు శ్వాసపరీక్ష మళ్లీ చేయించి, అది పూర్తిగా పోయిందని తేల్చుకోవాలి. ఐరన్‌ను హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి చేరాక కూడా సుమారు మూడు నెలలు కొనసాగిస్తేనే నిల్వలు నిండుతాయి. తొందరపడి ఆపేయడం వల్లనే సగం కథ మొదటికి వస్తుంది. మాత్ర అసలు పనిచేయనివారికి నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఆపిన తరువాత మూడు నెలలకొకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించుకుంటూ ఏడాది గడపండి. ఆ లోపల మళ్లీ పడిపోతే, రెండు స్కోపీలలోనూ ఏమీ కనిపించకపోయినా, వాటికి అందని చిన్నపేగు మధ్యభాగాన్ని మాత్రలా మింగే చిన్న కెమెరాతో చేసే క్యాప్సూల్ ఎండోస్కోపీతో చూడవలసి ఉంటుందేమో జీర్ణకోశ వైద్యుని అడగండి.