రెండు సంస్కృతులు కలిసిన కల్పిత సమాజాన్ని ఎలా నిర్మించాలి?

కల్పిత లోకాలు రాసేవారు చాలామంది వేషభాషలతో మొదలుపెడతారు. ఒక చోటి తలపాగా, మరో చోటి కత్తి, ఇంకో చోటి దేవత చేరితే కొత్త జాతి తయారైందనుకుంటారు. అలాంటి జాతి పది పేజీలు దాటితే కదలదు. ఆస్తి ఎవరికి దక్కుతుందో ముందు తేల్చుకోండి. మర్యాదలు, పండుగలు, తిట్లు కూడా దాని వెంటే వస్తాయి.

1. నిజమైన ఉదాహరణ ఒకటి చదవండి. ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాలో మినాంగ్‌కబావు ప్రజలు ముస్లింలు. అయినా పూర్వీకుల ఇల్లు, పొలం తల్లి నుంచి కూతురికే వెళ్తాయి. సొంత సంపాదనకు మాత్రం ఇస్లాం వారసత్వ నియమాలు పాటిస్తారు. సంప్రదాయం ప్రకారం భర్త అత్తవారింట అతిథిలాంటివాడు. అక్కచెల్లెళ్ల పిల్లల మంచిచెడ్డలు చూడాల్సింది మేనమామ. ఈ సర్దుబాటు సాఫీగా కుదరలేదు. 19వ శతాబ్దం మొదట్లో మత సంస్కర్తలకూ ఆచారం పట్టిన పెద్దలకూ యుద్ధమే జరిగింది, అందులోకి డచ్చివారూ దిగారు. కథకుడికి కావాల్సింది సరిగ్గా ఈ పేచీయే.

2. మీ రెండు జాతులనూ ఒకే ఆస్తి దగ్గర నిలబెట్టండి. కొండవాళ్లలో ఇల్లు కూతురిది, ఓడవాళ్లలో పడవ కొడుకుది అనుకుందాం. పెళ్లినాడు వరుడి పడవ నుంచి ఒక పలక ఊడదీసి వధువు ఇంటి గడపగా బిగిస్తారు. పడవ మళ్లీ నీళ్లలోకి దిగాలంటే అత్తగారు కొత్త పలక ఇవ్వాలి. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు.

3. ఎవరు నష్టపోయారో రాసుకోండి. రెండు జాతులు సమానంగా కలవడం అరుదు. ఎవరు తర్వాత వచ్చారు? ఎవరు ఎవరికి బాకీ? సంతలో తూనికరాళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి? శవాన్ని మోసేది ఎవరు?

4. వరసలు, పిలుపులు సరిచూడండి. మేనమామకు పెద్దరికం ఉన్నచోట బిడ్డ తప్పు చేస్తే ఎవరిని నిలదీస్తారో సంభాషణలోనే తెలియాలి.

5. బతికి ఉన్న జాతుల పూజావస్తువులను పేరు మార్చి ఎత్తుకురావద్దు. వారి ఆచారం వెనకున్న కారణాన్ని తీసుకుని కొత్త ఆచారం పుట్టించండి.

6. ఒక తగవుతో పరీక్షించండి. భర్త సముద్రంలో పోయాడు, పడవ మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది కొడుకుదా, పలక ఇచ్చిన అత్తగారిదా? ఇద్దరు పెద్దలు చెరో న్యాయం చెప్పి, ఇద్దరి మాటా సబబుగానే తోస్తే ఆ పంచాయతీనే మొదటి అధ్యాయంగా రాయండి.