డ్యూటీ చార్టులో అందరి పండగలకీ చోటు ఎలా ఇవ్వాలి?

తిరుపతిలో హోటలో, లాడ్జో, ట్రావెల్సో, ఆస్పత్రో నడిపేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంటాది, ఊరంతా పండగ చేసుకునే రోజే మన దగ్గర రష్ ఎక్కువ, అదే రోజు స్టాఫుకి సెలవు కావాలి. నేను బస్టాండు దగ్గర ఒక హోటల్లో పదకొండేళ్లుగా డ్యూటీ చార్టు రాస్తా ఉండా. కింద రెస్టారెంటు, పైన రూములు, మొత్తం 64 మంది. హిందువులే ఎక్కువ, ముస్లింలు తొమ్మిది మంది, చర్చికి పోయేవాళ్లు నాకు తెలిసి ఏడెనిమిది మంది, తమిళం మాట్లాడే ఇళ్లవాళ్లు కొందరు. ఇన్నేళ్లలో తప్పులు చేసి నేర్చుకున్నది ఒక వరసలో రాస్తా ఉండా, చార్టు రాసేవాళ్లకి పనికొస్తాదని.

ముందు నా తప్పు చెప్తా. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒక అక్క గుడ్ ఫ్రైడేకి సెలవు అడిగింది. మొన్న క్రిస్మస్‌కి ఇచ్చినా కదక్కా, శుక్రవారం రూములన్నీ ఫుల్లు, కుదరదు అనేసినా. ఆ రోజు పొద్దున కారిడార్లో కనపడితే నవ్వుతా "హ్యాపీ గుడ్ ఫ్రైడే అక్కా" అన్నా. ఆమె మంచం మీద దుప్పటి అంచు పరుపు కింద మడుస్తా ఉంది, చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు, "అది ఏసయ్య చనిపోయిన రోజు సార్" అనింది అంతే. సిగ్గుతో నాకు నోట మాట రాలేదు. తర్వాత కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, ఆమెకి కావాల్సింది రోజంతా కాదు, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా చర్చిలో ఏడు మాటల ఆరాధన ఉంటాది, ఆ మూడు గంటలు ఇస్తే చాలు. పొద్దున ఆరుకి వచ్చి పదకొండున్నరకి పోయి ఉండొచ్చు. నేను అడిగి ఉంటే ఇద్దరికీ ఇబ్బంది లేకుండా అయిపోయేది.

అందుకే మొదటి పని ఇది. డిసెంబర్ మొదటి వారంలోనే ప్రతి ఒక్కరికీ ఒక చీటీ ఇవ్వండి. "నీది ఏ మతం" అని అడగొద్దు, పేరు చూసి మనమే ఊహించుకోవద్దు. చాలామందికి రికార్డులో ఒకటి ఉంటాది, ఇంట్లో ఆచారం ఇంకోటి ఉంటాది, అది వాళ్ల ఇష్టం, మనకి అనవసరం. చీటీలో రెండే ప్రశ్నలు: వచ్చే ఏడాది నీకు తప్పకుండా కావాల్సిన రోజులు ఏవి, ఆ రోజు ఏ టైము నుంచి ఏ టైము దాకా కావాలి. ఈ రెండో ప్రశ్నతోనే సగం గొడవ తీరిపోతాది. శుక్రవారం జుమ్మా నమాజుకి గంట, గంటంబావు చాలు. వైకుంఠ ఏకాదశికి తెల్లవారుజాము దర్శనం అయితే మధ్యాహ్నం షిఫ్టుకి వస్తామంటారు. డిసెంబర్ 31 రాత్రి చర్చికి పోయేవాళ్లకి నైట్ డ్యూటీ వేయకుండా ఉంటే చాలు. శనివారం విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవులు కూడా ఉంటారు, వాళ్లకి ఆదివారం డ్యూటీ వేసి శనివారం వీక్లీ ఆఫ్ ఇస్తే సరిపోతాది, ఆదివారం మనిషి దొరికినాడని మనకీ సంతోషమే.

తర్వాత ఊరి క్యాలెండరు. గవర్నమెంటు సెలవుల లిస్టు ఒక్కటే పెట్టుకుంటే మన ఊర్లో సరిపోదు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, అందులో ఐదో రోజు గరుడ సేవ, ఆ సాయంత్రం స్టాఫు డ్యూటీకి రావడమే కష్టం. కాణిపాకంలో వినాయక చవితి నుంచి 21 రోజులు ఉత్సవాలు, చిత్తూరు వైపు వాళ్లు ఏదో ఒకరోజు పోవాలంటారు. శ్రీకాళహస్తి శివరాత్రి. ఆడి కృత్తికకి కావడి ఎత్తుకుని తిరుత్తణి మురుగన్ గుడికి పోయేవాళ్లు. 2025లో అయితే వైకుంఠ ఏకాదశి జనవరి 10న ఒకటి, మళ్లీ డిసెంబర్ 30న ఒకటి వచ్చింది, పాత చార్టు కాపీ కొట్టినవాళ్లు రెండోది మర్చిపోయి ఇబ్బంది పడినారు.

మే నెల గంగమ్మ జాతర గురించి వేరుగా చెప్పాలి. బయటి ఊర్ల నుంచి వచ్చిన మేనేజర్లకి ఇది అర్థం కాదు. చాటింపు వేసినాక ఊరు వదిలి బయట రాత్రి ఉండకూడదని పాత తిరుపతి ఇళ్లలో గట్టిగా పాటిస్తారు. అట్లాంటివాళ్లని ఆ వారం చెన్నైకో బెంగళూరుకో ట్రైనింగుకి పంపితే వాళ్లు నోరు తెరిచి చెప్పలేరు, చెప్పినా మనం సాకు అనుకుంటాం. మొక్కు ఉన్నవాళ్లు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, ఇట్లా రోజుకొకటి కడతారు. మా స్టోర్స్‌లో ఒక పిల్లోడు పొద్దున వేషం కట్టి, గుడికి పోయొచ్చి, మొహానికి రంగు కడుక్కుని రెండింటికి షిఫ్టు ఎక్కుతాడు, చెవుల వెనక ఇంకా తెల్లగా ఉంటాది. ఆ వారమంతా వాడికి మధ్యాహ్నం షిఫ్టు అని చార్టులోనే రాసేస్తా.

ఇప్పుడు చట్టం సంగతి, చిన్నదే. మన రాష్ట్రంలో 1974 నాటి జాతీయ, పండగ సెలవుల చట్టం ఉంది, జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటివాటితో పాటు కొన్ని పండగలకి జీతంతో సెలవు ఇవ్వాలి. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు జీతం, లేదంటే మామూలు జీతంతో పాటు ఇంకో రోజు జీతంతో సెలవు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఏడాదికి ఐదు ఐచ్ఛిక సెలవులు ఉంటాయి, లిస్టులో ఏ మతం పండగైనా తీసుకోవచ్చు. అది చూసే మేము మనిషికి రెండు "ఇష్టం సెలవులు" పెట్టుకున్నాం. ఏ దేవుడికీ మొక్కనివాళ్లకి కూడా అవే రెండు, కూతురి పుట్టినరోజుకి వాడుకున్నా కారణం అడగం.

అసలు కష్టం మార్పిడి దగ్గర. చాలామంది సలహా ఏందంటే, మన పండక్కి వాళ్లు చేస్తారు, వాళ్ల పండక్కి మనం చేస్తాం అని. వినడానికి బాగుంటాది, లెక్క వేస్తే కుదరదు. ఉగాదికి మా దగ్గర ముస్లింలు, క్రైస్తవులు కలిపి ఉండే పదహారు పదిహేడు మందితో హోటల్ నడవదు, పైగా ప్రతి హిందూ పండక్కీ వాళ్లే పనిచేయాలంటే ఏడాదికి ఎన్ని పండగలు, ఎంత అన్యాయం. కాబట్టి పెద్ద పండగలకి హిందువుల మధ్యే వంతులు పెట్టండి, పోయినేడు దసరాకి ఇంట్లో ఉన్నోళ్లు ఈ ఏడు డ్యూటీలో ఉండాలి, ఎవరి వంతు ఎప్పుడో చార్టు వెనకే రాసి పెట్టండి. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ మార్చి 31. అప్పుడు ఉగాదికి ఆఫ్ తీసుకున్నవాళ్లు 31న కిచెన్‌కి వచ్చినారు, ఆ ముందురోజు మా బిర్యానీ భాయ్ ఒక్కపొద్దులోనే ఉగాది స్పెషల్ భోజనం మొత్తం దించినాడు. ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు, ఎవరు ఎవరికి చేస్తారో నెల ముందే తేలిపోయింది.

ఒక్కరోజుతో అయిపోని ఆచారాలు కూడా ఉంటాయి, వాటికి సెలవు కాదు, పని మార్చాలి. రంజాన్ నెలలో ఒక్కపొద్దు ఉన్నవాళ్లని మధ్యాహ్నం తందూరు దగ్గర నిలబెట్టొద్దు, సహర్ (ఒక్కపొద్దుకి ముందు తెల్లవారుజామున తినేది) అయినాక తెల్లవారు షిఫ్టు వేస్తే సాయంత్రం ఇఫ్తారుకి ఇంట్లో ఉంటారు. రుచి చూసే పని ఇంకొకరికి ఇవ్వండి. అయ్యప్ప మాల 41 రోజులు, నల్ల బట్టలు, కాళ్లకి చెప్పులు ఉండవు. యూనిఫాం విషయంలో సర్దుకోవచ్చు, కానీ వేడి నూనె, తడి నేల ఉండే కిచెన్లో ఒట్టి కాళ్లతో తిరగనివ్వడం మర్యాద కాదు, ప్రమాదం. "స్వామీ, మాల తీసేదాకా బిల్లింగ్‌లో కూర్చో" అంటే సంతోషంగా ఒప్పుకుంటారు, ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

ఇంకొకటి, ఆయుధ పూజకి అందరూ వచ్చి నిలబడాలి, వినాయక చవితి చందా అందరూ ఇవ్వాలి అని రూలు పెట్టొద్దు. పిలవండి, రాకపోతే ఎందుకు రాలేదని అడగొద్దు. లడ్డూ ఇస్తే కొందరు చేతిలో తీసుకుని పక్కన పెడతారు, తినమని బలవంతం చేయొద్దు.

సెలవు ఇవ్వలేని రోజులు వస్తాయి. గరుడ సేవ రోజు నేను ఎవరికీ ఇవ్వను, అది జనవరిలోనే చెప్పేస్తా, బదులు ఆ వారంలోనే ఇంకో రోజు ఇస్తా, ఏ రోజో చార్టులో రాసి ఇస్తా. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి క్యాన్సిల్ అని మాత్రం చెప్పకూడదు, ఇంట్లో పిల్లలకి మాట ఇచ్చేసి ఉంటారు.

రంజాన్‌కి మాత్రం చార్టులో రెండు రోజులూ పెన్సిల్‌తో రాసుకోండి, నెలవంకని బట్టి 29కో 30కో నెల ముగుస్తాది. ఇరవైతొమ్మిదో ఒక్కపొద్దు రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవద్దు, మసీదు నుంచి కబురు రాగానే స్టాండ్‌బైలో ఉన్నవాళ్లకి చెప్పాలి, వాళ్లు తెల్లారి అయిదుకి లేవాలి కదా.