ఇన్‌ఫీల్డర్ రికార్డుల పేజీ చదవడం ఎలా?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాడి రికార్డుల పేజీ తెరవగానే చూపు బ్యాటింగ్ సగటు (హిట్లను బ్యాటింగ్ అవకాశాలతో భాగిస్తే వచ్చేది) మీదికే పోతుంది. దూరపు గడ్డి మీద ఆడే అవుట్‌ఫీల్డర్ అయితే దాంతో కొంత పని జరుగుతుంది. బేస్‌ల దగ్గర ఆడే ఇన్‌ఫీల్డర్ విషయంలో జరగదు. అతను మైదానంలో ఎక్కడ నిలబడ్డాడో, ఆ ఏడాది క్లబ్బుకీ అతనికీ మధ్య కాగితాల మీద ఏం నడిచిందో తెలియకుండా .245 అన్న అంకె మంచిదో చెడ్డదో చెప్పలేం. అందుకని పేజీని పైనుంచి కిందికి చదవకండి. ముందు స్థానాలు, తర్వాత వయసు, లావాదేవీలు, ఫీల్డింగ్, అన్నిటికన్నా చివర బ్యాటింగ్.

ఎక్కడ ఆడాడు

స్కోరు రాసేవాళ్లు ఒక్కో స్థానానికి ఒక్కో అంకె వాడతారు. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6. షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య అయినా అతని అంకె 6. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. "6-4-3 డబుల్ ప్లే" అంటే షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్ బేస్‌మన్‌కి ఇచ్చాడు, అతను ఫస్ట్ బేస్‌కి విసిరాడు, ఇద్దరు అవుట్ అని.

బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో ప్రతి సీజన్ వరుసలోనూ "*6/45" లాంటి గడి కనిపిస్తుంది. నక్షత్రం గుర్తు (*) ఉందంటే జట్టు ఆడిన ఆటల్లో మూడింట రెండొంతులకు పైగా ఆ స్థానంలోనే ఉన్నాడు. గీత (/) తర్వాత వచ్చే అంకెలు పది ఆటలు కూడా నిండని స్థానాలు. ఈ ఒక్క గడిని తొలి సీజన్ నుంచి చివరిదాకా వరుసగా చదివితే కెరీర్ సగం అర్థమైపోతుంది.

ఎందుకంటే ఇన్‌ఫీల్డ్ స్థానాలన్నీ ఒకే బరువువి కావు. గణాంకాల సైట్ ఫ్యాన్‌గ్రాఫ్స్ లెక్కలో పూర్తి సీజన్‌కి, అంటే 162 ఆటలకి, షార్ట్‌స్టాప్‌కి 7.5 పరుగులు కలుపుతారు. సెకండ్, థర్డ్ బేస్‌లకి 2.5 కలుపుతారు. ఫస్ట్ బేస్‌కి 12.5 తీసేస్తారు. షార్ట్‌స్టాప్‌కీ ఫస్ట్ బేస్‌కీ తేడా 20 పరుగులు. సుమారు పది పరుగులు ఒక గెలుపుతో సమానమని లెక్క కాబట్టి, అచ్చం ఒకేలా బ్యాటింగ్ చేసే ఇద్దరిలో షార్ట్‌స్టాప్ ఏడాదికి రెండు గెలుపులు ఎక్కువ విలువ చేస్తాడు.

వయసు పైబడేకొద్దీ ఆటగాళ్లు ఈ మెట్లు దిగుతారు. ఎటు దిగాడన్నది చూస్తే ఏం తగ్గిందో తెలుస్తుంది. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, థర్డ్ నుంచి ఫస్ట్‌కి అడ్డంగా 127 అడుగుల పైచిలుకు. షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కి మారితే సాధారణంగా చేతి విసురు తగ్గినట్టు. అక్కడి నుంచి ఫస్ట్‌కి దూరం తక్కువ. థర్డ్ బేస్‌కి మారితే విసురు ఉంది, పక్కలకు పరుగెత్తే చురుకు తగ్గింది. రెండూ తగ్గితే ఫస్ట్ బేస్. కాల్ రిప్‌కెన్ 1997లో షార్ట్‌స్టాప్ వదిలి థర్డ్ బేస్‌లో స్థిరపడ్డాడు. ఎర్నీ బ్యాంక్స్ 1962 నుంచి ఫస్ట్ బేస్‌కి మారాడు. చివరికి షార్ట్‌స్టాప్‌గా కన్నా అక్కడే ఎక్కువ ఆటలాడాడు.

ఈ సూత్రానికి మినహాయింపు లేకపోలేదు. అలెక్స్ రోడ్రిగెజ్ 2002, 2003ల్లో షార్ట్‌స్టాప్‌గా గోల్డ్ గ్లవ్ (ఫీల్డింగ్ అవార్డు) గెలిచి, 2004లో న్యూయార్క్ యాంకీస్‌కి రాగానే థర్డ్ బేస్‌కి వెళ్లాడు. తగ్గిందేమీ లేదు, ఆ చోటులో అప్పటికే డెరెక్ జీటర్ ఉన్నాడు. అందుకే స్థానం మారిన ఏడాది క్లబ్బు కూడా మారిందేమో, ఆ క్లబ్బులో 6 ఎవరిదో ఓసారి చూసుకోవాలి.

4, 5, 6 మూడూ కలిసి కనిపిస్తే అతన్ని యుటిలిటీ ఆటగాడంటారు. ఇందులో రెండు జాతులున్నాయి. బెన్ జోబ్రిస్ట్ లాంటివాళ్లు రోజూ ఆడతారు, చోటు మాత్రం మారుతుంటుంది. 2016 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. రెండో రకం బెంచీ మీద ఉండి, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ తర్వాత దిగేవాళ్లు. ఆటల సంఖ్య చూసి ఈ తేడా పట్టలేం, ఫీల్డింగ్ పట్టికలో ఇన్నింగ్స్ చూడాలి. 90 ఆటల్లో 350 ఇన్నింగ్సే ఉంటే ఆటకి నాలుగు ఇన్నింగ్స్ కూడా లేదు: అతను రెండో రకం.

ఏ వయసులో, ఏ మెట్టు మీద

మేజర్ లీగ్‌కి కింద ఉండే మైనర్ లీగ్ మెట్లు, కింది నుంచి: రూకీ లీగులు, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. పేజీలో కనిపించే వయసు ఆ ఏడాది జూన్ 30 నాటిది. డబుల్-ఏలో 20 ఏళ్ల షార్ట్‌స్టాప్ .250 కొట్టడం, అదే లీగులో 26 ఏళ్లవాడు .290 కొట్టడం కన్నా చాలా పెద్ద విషయం.

మైనర్ లీగ్ అంకెల్లో మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. 2020 వరుస ఖాళీగా ఉంటే గాయమనుకోవద్దు. ఆ ఏడాది కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే జరగలేదు. పేరున్న ఆటగాడికి ట్రిపుల్-ఏలో నాలుగైదు ఆటలు కనిపిస్తే దించేశారని కాదు, గాయం నుంచి కోలుకుంటూ ఆడిన రిహాబ్ ఆటలు కావచ్చు. పిచర్లు కానివారికి అది 20 రోజులకు మించకూడదు. పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ లాంటి ఎత్తైన ఊళ్లలో పల్చటి గాలికి బంతి దూరం పోతుంది, అక్కడి హోమ్ రన్లను అలాగే నమ్మకూడదు.

ఇక ఎర్రర్లు, అంటే అందుకోవాల్సిన బంతిని జారవిడవడం, తప్పుగా విసరడం. జీటర్ 1993లో సింగిల్-ఏ గ్రీన్స్‌బరోలో 56 ఎర్రర్లు చేశాడు. మూడేళ్లు తిరిగేసరికి యాంకీస్ షార్ట్‌స్టాప్ అతనే. కుర్ర షార్ట్‌స్టాప్‌లు వెళ్లకూడని బంతులకీ వెళ్తారు, విసరకూడనప్పుడూ విసురుతారు. మైదానాలు ఎగుడుదిగుడు, అవతల అందుకునే ఫస్ట్ బేస్‌మన్ కూడా నేర్చుకుంటున్నవాడే. అతన్ని క్లబ్బు షార్ట్‌స్టాప్‌గానే కొనసాగించిందా, పక్కకి జరిపిందా? ఎర్రర్ల లెక్క కన్నా ఆ సమాధానం ఎక్కువ చెబుతుంది.

లావాదేవీల జాబితా

చాలామంది దాటేసే భాగం ఇది. నిజానికి మధ్యరకం ఇన్‌ఫీల్డర్ బతుకంతా ఇక్కడే రాసి ఉంటుంది.

రెండు జాబితాలు గుర్తుపెట్టుకోండి. ఆటకి అందుబాటులో ఉండేది 26 మంది జాబితా (2019 వరకు 25). దానికి పైన, క్లబ్బు తనదిగా కాపాడుకునే 40 మంది జాబితా. "రీకాల్డ్" అని ఉంటే 40 మందిలో ఉన్నవాణ్నే కింది లీగు నుంచి పిలిచారు. "కాంట్రాక్ట్ సెలెక్టెడ్" అని ఉంటే బయటివాణ్ని 40 మందిలోకి తెచ్చారు; చోటు ఖాళీ లేకపోతే అదే తేదీన ఇంకెవరో పోయి ఉంటారు. రెండోదే పెద్ద అడుగు.

40 మందిలో ఉన్నవాణ్ని మైనర్ లీగ్‌కి పంపడానికి క్లబ్బుకి మామూలుగా మూడు ఆప్షన్ సంవత్సరాలుంటాయి. లెక్క సార్లది కాదు, సంవత్సరాలది. ఒకే ఏడాది నాలుగుసార్లు పంపినా పోయేది ఒక్క ఆప్షనే. 2022 నుంచి ఏడాదికి ఐదుసార్లే ఇలా పంపగలరు. మొత్తం మీద 20 రోజుల లోపే కింద గడిపితే ఆ ఏడాది ఆప్షన్ ఖర్చు కాదు. మూడూ అయిపోయాక పంపాలంటే వెయివర్స్ దాటాలి, అంటే మిగతా క్లబ్బులు కావాలంటే తీసుకుపోవచ్చు. సీజన్ మొదలయ్యే ముందు, మార్చి నెలాఖరులో యుటిలిటీ ఇన్‌ఫీల్డర్లు ఉన్నట్టుండి చేతులు మారడానికి ఎక్కువగా ఇదే కారణం. వాళ్ల ఆట ఆ వారంలో మారిపోయి కాదు.

"డిజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్", వాడుకలో డీఎఫ్ఏ, అంటే ఉద్యోగం ఊడినట్టు కాదు. 40 మందిలోంచి వెంటనే తీసేస్తారు, తర్వాత ఏడు రోజుల్లో ట్రేడ్ చేయాలి (మరో క్లబ్బుకి మార్పిడి చేయాలి), లేదా వెయివర్స్‌లో పెట్టాలి, లేదా వదిలేయాలి. వెయివర్స్‌లో ఎవరూ తీసుకోకపోతే "అవుట్‌రైటెడ్" అని పడుతుంది: అదే క్లబ్బు, ట్రిపుల్-ఏ, 40 మంది జాబితాలో చోటు లేదు. మేజర్ లీగ్‌లో మూడేళ్ల సర్వీసు ఉన్నవాడు, లేదా అంతకుముందు ఒకసారి అవుట్‌రైట్ అయినవాడు దీన్ని కాదని స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు.

సర్వీసు కాలాన్ని "3.045" అని రాస్తారు. దశాంశం అనుకుంటే తప్పు. మూడేళ్ల 45 రోజులని అర్థం. సీజన్ 180 రోజులకు పైగా సాగినా 172 రోజులుంటే ఏడాది నిండినట్టే. సాధారణంగా మూడేళ్లు దాటితే జీతం మీద ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) హక్కు, ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెన్సీ, అంటే ఏ క్లబ్బుతోనైనా ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ. ఈలోగా క్లబ్బు ఇచ్చేది కనీస వేతనానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 2025లో ఆ కనీసం 7,60,000 డాలర్లు.

ఒక్క రోజు ఎంత పని చేస్తుందో చూడాలంటే చికాగో కబ్స్ థర్డ్ బేస్‌మన్ క్రిస్ బ్రయంట్ 2015 సీజన్ తెరవండి. ఏప్రిల్ 17న పిలిచారు. ఏడాది చివరికి 171 రోజులు. రూకీ ఆఫ్ ద ఇయర్ (కొత్త ఆటగాళ్లలో అత్యుత్తముడికి ఇచ్చే అవార్డు) గెలిచినా ఆ ఒక్క రోజు తక్కువై ఫ్రీ ఏజెన్సీ 2020 నుంచి 2021 చివరికి జరిగింది. ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. లీగుకీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందం నుంచి రూకీ ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవారికి పూర్తి ఏడాది సర్వీసు ఇస్తున్నారు. కాబట్టి ఏప్రిల్ రెండో, మూడో వారంలో తొలి ఆట కనిపిస్తే ఆట సిద్ధం కాక ఆగాడో, లెక్క కోసం ఆపారో ఆలోచించాలి.

నవంబరులో "నాన్-టెండర్డ్" (వచ్చే ఏడాదికి క్లబ్బు ఒప్పందం ఇవ్వలేదు) అని పడినవాళ్లందరూ చెడ్డగా ఆడినవాళ్లు కారు. ఆర్బిట్రేషన్‌లో రాబోయే జీతం, అదే పని చేసే కుర్రాడి కనీస వేతనం కన్నా బాగా ఎక్కువైతే చాలు. బెంచీ ఇన్‌ఫీల్డర్‌కి ఇది నాలుగైదేళ్ల సర్వీసు దగ్గర తరచుగా ఎదురవుతుంది.

ఫీల్డింగ్ పట్టిక

ఫీల్డింగ్ శాతం అంటే పుటవుట్లు (తానే పూర్తిచేసిన అవుట్లు), అసిస్టులు (బంతి అందించి చేయించిన అవుట్లు) కూడి, ఆ మొత్తాన్ని అవీ ఎర్రర్లూ కలిపిన సంఖ్యతో భాగించడం. ఇందులో చిక్కేమిటంటే, అందని బంతికి ఎర్రర్ పడదు. కదలనివాడి శాతం శుభ్రంగా ఉంటుంది.

ఇద్దరు షార్ట్‌స్టాప్‌లను తీసుకుందాం, చెరి 1,200 ఇన్నింగ్స్. మొదటివాడికి 600 అవకాశాలు (ఈ మూడూ కలిపిన సంఖ్య), 20 ఎర్రర్లు: శాతం .967. రెండోవాడికి 480 అవకాశాలు, 10 ఎర్రర్లు: .979. శాతం చూస్తే రెండోవాడే మెరుగు. కానీ మొదటివాడు పూర్తిచేసిన ఆటలు 580, రెండోవాడివి 470. పది తప్పులు ఎక్కువ చేసి 110 బంతులు ఎక్కువ తెచ్చాడు. దీన్నే రేంజ్ ఫ్యాక్టర్‌గా రాస్తారు: పుటవుట్లు, అసిస్టుల మొత్తాన్ని 9తో హెచ్చించి ఇన్నింగ్స్‌తో భాగించాలి. మొదటివాడికి 4.35, రెండోవాడికి సుమారు 3.5.

ఇదీ పూర్తిగా నమ్మదగింది కాదు. నేల బంతులు ఎక్కువ కొట్టించే పిచర్లున్న జట్టులో ఎవరికైనా రేంజ్ ఫ్యాక్టర్ పెరుగుతుంది. ఫస్ట్ బేస్‌కైతే బొత్తిగా పనికిరాదు, అక్కడి పుటవుట్లలో ఎక్కువ భాగం వేరేవాళ్లు విసిరితే పట్టుకున్నవే. 2016 నుంచి ఆడినవాళ్లకి మైదానంలో బంతి, ఆటగాళ్ల కదలికలను కొలిచే స్టాట్‌కాస్ట్ వారి "అవుట్స్ అబవ్ యావరేజ్" ఉంది. బంతి వేగం, ఆటగాడు కదలాల్సిన దూరం లాంటివి లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి దాన్నే ముందు చూడండి. అంతకుముందువాళ్లకి అసిస్టులే దిక్కు. ఓజీ స్మిత్ 1980లో శాన్ డియాగో తరఫున చేసిన 621 అసిస్టులు షార్ట్‌స్టాప్ రికార్డు.

అవార్డుల మీద మరీ ఆధారపడొద్దు. 1990లో రిప్‌కెన్ షార్ట్‌స్టాప్‌గా ఏడాది మొత్తం మీద మూడే ఎర్రర్లు చేశాడు, శాతం .996. ఆ ఏడాది అమెరికన్ లీగ్ గోల్డ్ గ్లవ్ ఓజీ గియెన్‌కి వెళ్లింది.

2023 హద్దు కూడా గుర్తుంచుకోవాలి. అప్పటి నుంచి పిచర్ బంతి వదిలేవేళ సెకండ్ బేస్‌కి ఇరువైపులా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు, ఇన్‌ఫీల్డ్ మట్టి వెలుపలి అంచు దాటకుండా నిలబడాలి. అంతకుముందు ముగ్గురు ఒకే పక్కన చేరడం మామూలే. దాంతో 2022కీ 2023కీ మధ్య ఒక సెకండ్ బేస్‌మన్ అంకెలు మారితే అతను మారాడో నియమం మారిందో విడదీయడం కష్టం.

చివరికి బ్యాటింగ్

పేజీలో మూడు అంకెలు పక్కపక్కనే ఉంటాయి: సగటు, ఆన్-బేస్ (ఎంత తరచుగా బేస్ చేరాడు), స్లగింగ్ (హిట్ల మీద వచ్చిన మొత్తం బేస్‌లను అట్-బ్యాట్లతో భాగిస్తే వచ్చేది). 480 అట్-బ్యాట్లలో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో) 125 హిట్లు కొట్టినవాడి సగటు .260. అతనికి 45 వాక్‌లు (నాలుగు చెడు బంతులకి ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్), శరీరానికి తగిలిన బంతులు 5, శాక్రిఫైస్ ఫ్లైలు (తాను అవుటై పరుగు తెప్పించిన ఎత్తు బంతులు) 5 ఉంటే ఆన్-బేస్ 175ని 535తో భాగిస్తే వచ్చే .327. ఆ హిట్లలో 25 డబుల్స్, 2 ట్రిపుల్స్, 12 హోమ్ రన్లుంటే మొత్తం బేస్‌లు 190, స్లగింగ్ .396. ఆన్-బేస్, స్లగింగ్ కలిపితే ఓపీఎస్, .723. ఫస్ట్ బేస్‌మన్‌గా ఇతనికి చోటు దొరకడం కష్టం. మంచి షార్ట్‌స్టాప్ అయితే రోజూ ఆడతాడు.

ఓజీ స్మిత్ కెరీర్ .262, .337, .328. హోమ్ రన్లు మొత్తం 28. అయినా వరుసగా 13 గోల్డ్ గ్లవ్‌లు, 2002లో హాల్ ఆఫ్ ఫేమ్. రెండో కొసన మారియో మెండోజా: .200 సగటుకి "మెండోజా గీత" అన్న పేరు ఇతని వల్లే వచ్చింది. కెరీర్ సగటు .215తో 1974 నుంచి 1982 దాకా తొమ్మిది సీజన్లలో మేజర్ లీగ్‌లో కనిపించాడు. అతనిదీ షార్ట్‌స్టాప్ స్థానమే.

ఒక ఏడాది సగటు పెరిగిందనో తరిగిందనో తీర్పు చెప్పేముందు అట్-బ్యాట్లు చూడండి. నిజంగా .260 సత్తా ఉన్నవాడు 500 అట్-బ్యాట్లలో కేవలం అదృష్టం వల్లే .240కీ .280కీ మధ్య ఎక్కడైనా తేలవచ్చు, ఒక్కోసారి ఆ హద్దులు కూడా దాటవచ్చు. 120 అట్-బ్యాట్ల బెంచీ ఆటగాడికైతే ఆ ఊగిసలాట .220 నుంచి .300 దాకా ఉంటుంది. అలాంటి వరుసలో సగటు మీద వేలుపెట్టి ఆగొద్దు. స్ట్రైకవుట్లు, వాక్‌లు చూసుకుని పై వరుసకి వెళ్లిపోండి.