గోజోకి వస్తున్నారా? బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి

జూన్ వచ్చిందంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. మేము మధ్యధరా సముద్రంలోని చిన్న దీవుల దేశం మాల్టాలో కాపురం పెట్టి ఆరేళ్లయింది. జర్మనీలో చదువుకునే పిల్లలు, లండన్‌లో ఉండే స్నేహితులు, హైదరాబాద్ నుంచి యూరప్ చూడటానికి వచ్చే చుట్టాలు, అందరూ అడిగేది ఒకటే: "గోజో చాలా ప్రశాంతంగా ఉంటుందట కదా, పిల్లల్ని తీసుకొస్తే టెన్షన్ ఏమీ ఉండదుగా?"

ప్రశాంతంగా ఉండే మాట నిజమే. మాల్టా పెద్ద దీవికి ఉత్తర కొసన చిర్కెవ్వా రేవులో ఓడెక్కితే ఇరవై ఐదు నిమిషాల్లో గోజో దీవి. మొత్తం 67 చదరపు కిలోమీటర్లు, నలభై వేలకు అటూ ఇటూ జనం. తేనె రంగు రాతి ఇళ్లు, ఊరికో పెద్ద చర్చి, రాళ్లు పేర్చి కట్టిన గట్ల మధ్య చిన్న చిన్న పొలాలు. మధ్యాహ్నం పూట వీధిలో మనిషి కనపడడు. ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారంటే అందుకే.

కానీ ఆ ప్రశాంతతకు ఇంకో అర్థం కూడా ఉంది. పక్కన మనుషులు ఉండరు. చాలా తీరాల్లో లైఫ్‌గార్డు ఉండడు. రాత్రయితే బస్సులు తగ్గిపోతాయి. ఆసుపత్రి ఒక్కటే. అవతలి ఒడ్డుకు చేర్చేది ఓడ ఒక్కటే. గోవాలోనో వైజాగ్ బీచ్‌లోనో ఏమైనా అయితే నిమిషంలో పదిమంది పోగవుతారు. ఇక్కడ అలా కాదు. మీకు మీరే తోడు అనుకుని రావాలి.

సముద్రం

అన్నిటికన్నా నాకు భయం ఇదే, అందుకే ముందు ఇదే చెబుతున్నాను.

మా బావది కోనసీమ. చిన్నప్పటి నుంచి కాలువల్లో, గోదావరి పాయల్లో ఈదినవాడు. రెండేళ్ల కిందట అక్కా బావా వచ్చినప్పుడు రమ్లా బీచ్‌కి తీసుకెళ్లాం. గోజోలో ఇసుక తీరమంటే ముఖ్యంగా అదే. ఇసుక ఇటుకపొడి రంగులో ఉంటుంది. ముందురోజు ఉత్తరపు గాలి బాగా వీచింది. ఆ రోజు గాలి తగ్గింది కానీ అలలు తగ్గలేదు. బావ నడుం లోతు దాకా వెళ్లాడు. మేము చూస్తుండగానే ఛాతీ లోతు, ఆ తర్వాత తల మాత్రమే కనిపిస్తోంది. ఒడ్డు వైపు చేతులు వేస్తున్నాడు, దూరం మాత్రం పెరుగుతోంది. లైఫ్‌గార్డు విజిల్ ఊది, చెయ్యి పక్కకి చూపిస్తూ అరిచాడు. బావకి భాష అర్థం కాకపోయినా సైగ అర్థమైంది. తీరానికి అడ్డంగా ఈది, మేమున్న చోటికి వంద గజాల అవతల ఒడ్డెక్కాడు. ఆ ఎర్ర ఇసుకలో కూర్చుని పావుగంట మాట్లాడలేదు. మంచినీళ్ల సీసా ఇస్తే మూత తిప్పడానికి వేళ్లు రాలేదు.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట సన్నని పాయలా వెనక్కి లాగుతుంది. పైనుంచి చూస్తే అక్కడే అలలు తక్కువగా, శాంతంగా కనిపిస్తాయి. దిగడానికి బాగుందనిపించే చోటే ప్రమాదం. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. వెల్లకిలా తేలండి, చెయ్యి ఎత్తి ఊపండి, బలం ఉంటే తీరానికి సమాంతరంగా ఈది ఆ పాయలోంచి బయటపడండి. కాలువలో ఈత వచ్చు, బావిలో ఈత వచ్చు అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

దిగేముందు జెండా చూడండి. ఆకుపచ్చ అయితే పరవాలేదు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగొద్దు, ఊదా రంగు అయితే జెల్లీఫిష్‌లు ఉన్నట్టు. జెండా అసలే లేని చోట లైఫ్‌గార్డు కూడా లేడని అర్థం. ఉన్నచోట కూడా సాయంత్రానికి వెళ్లిపోతారు. సూర్యాస్తమయం చూస్తూ స్నానం చేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడివాళ్లు పొద్దున్నే చూసేది ఎండ కాదు, గాలి ఎటు నుంచి వీస్తోందని. ఒక్కో గాలికి ఒక్కో పేరుంది. వాయవ్యం నుంచి వచ్చేది మజ్జిస్త్రాల్, ఈశాన్యం నుంచి వచ్చేది గ్రిగాల్, ఆఫ్రికా వైపు నుంచి వేడినీ దుమ్మునూ మోసుకొచ్చే ఆగ్నేయపు గాలి ష్లోక్. ఉత్తరపు గాలి ఉన్న రోజు రమ్లా, మార్సల్‌ఫోర్న్ వదిలేసి దక్షిణపు ఒడ్డుకు వెళ్లండి. దక్షిణపు గాలి అయితే ఉత్తరానికి. దీవి చిన్నది, కారులో అరగంటలో అటు నుంచి ఇటు రావచ్చు. బస చేసిన ఇంటివాళ్లను "ఈరోజు ఎక్కడ దిగొచ్చు?" అని అడిగితే చాలు, ఏ యాప్‌కన్నా బాగా చెబుతారు.

వీద్ ఇల్ ఆస్రి అని రెండు కొండల మధ్య సన్నని సందులాంటి చోటుంది. మెట్లు దిగి వెళ్తే గులకరాళ్ల ఒడ్డు, ఆకుపచ్చ నీళ్లు. ఫొటోలు చూసి అందరూ అక్కడికే వెళ్తామంటారు. కొంచెం అలలున్నా అందులో దిగొద్దు. నీరు రెండు గోడల మధ్య ఎగదన్నుతుంది, పట్టుకోవడానికి పాచి పట్టిన రాయి తప్ప ఏమీ ఉండదు. ద్వేయ్‌రాలోని ఇన్‌లాండ్ సీ చూడటానికి చెరువులా ఉంటుంది. దాన్ని సముద్రంతో కలిపే సొరంగంలో పడవలు తిరుగుతూనే ఉంటాయి, అందులోకి ఈదుకుంటూ వెళ్లకండి. పక్కనే ఉన్న బ్లూ హోల్ స్కూబా డైవర్లకు పేరున్న చోటు. డైవింగ్ చేసేవాళ్లు విమానానికి ముందు ఒక పూర్తి రోజు ఖాళీ వదిలి టికెట్లు చేసుకోండి. లోతు నుంచి వచ్చిన వెంటనే విమానమెక్కితే ఒంట్లో నైట్రోజన్ బుడగలు ఏర్పడి ప్రాణం మీదికి వస్తుంది.

జెల్లీఫిష్ సంగతి. ఇక్కడ ఎక్కువగా కుట్టేది పెలాజియా అనే ఊదారంగుది. గొడుగులాంటి ఒళ్లు అరచేయంత కూడా ఉండదు, కింద వేలాడే పోగులు మాత్రం చాలా పొడుగు. మా అక్క కూతురికి ష్లెండిలో తగిలింది. మోచేతి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీతలు, పిల్ల గుక్కపెట్టి ఏడుపు. అక్క గబగబా సీసాలోని మంచినీళ్లు పోయబోయింది. వద్దు. మంచినీళ్లు పడితే చర్మం మీద మిగిలిన విషపు కణాలు మళ్లీ పేలతాయి. ఇసుకతో రుద్దకండి, తువ్వాలుతో తుడవకండి. సముద్రపు నీళ్లతోనే మెల్లగా కడిగి, పోగులేమైనా అంటుకుని ఉంటే ఏటీఎం కార్డు అంచుతో గీకి తీసేయాలి. వంటసోడా, సముద్రపు నీరు సగం సగం కలిపి కాసేపు రాస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. నా బీచ్ సంచిలో ఇప్పుడు చిన్న డబ్బాలో వంటసోడా ఎప్పుడూ ఉంటుంది.

రాళ్లకు నల్లటి ముళ్లబంతుల్లా అంటుకుని ఉండే సీ అర్చిన్‌లు కూడా ఉంటాయి. రబ్బరు బూట్లు కొనుక్కోండి. ఊళ్లో చిన్న కొట్లలో కూడా దొరుకుతాయి.

కొండ అంచులు

ద్వేయ్‌రాలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన పెద్ద రాతి తోరణం ఒకటి ఉండేది. అజ్యూర్ విండో అనేవారు. గోజో అంటే ప్రపంచానికి తెలిసిన బొమ్మ అదే. దాని మీద నడవొద్దని జరిమానా పెట్టినా జనం ఎక్కుతూనే ఉండేవారు. 2017 మార్చి 8న తుఫాను గాలికి మొత్తం కూలి సముద్రంలో పడిపోయింది. ఆ సమయంలో పైన ఎవరూ లేకపోవడం అదృష్టం. ఇప్పుడు వెళ్తే ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది.

ఇక్కడి రాయి సున్నపురాయి. కింద నుంచి నీరు కొరికేస్తుంటుంది, పైన నిలబడ్డవాళ్లకు తెలియదు. తా చెంచ్ కొండ అంచులు వంద మీటర్లకు పైగా ఎత్తు, చాలాచోట్ల కంచె ఉండదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయకండి. పిల్లల చెయ్యి వదలకండి. కొండ నీడ చల్లగా ఉందని దాని కిందే దుప్పటి పరిచి పడుకోవడం కూడా మంచిది కాదు.

నడిచే దారుల్లో రాళ్ల మీద ఆర్‌టీఓ అని రాసి ఉంటుంది. మన రవాణా ఆఫీసుకూ దానికీ సంబంధం లేదు. అది సొంత స్థలం, లోపలికి రావొద్దని అర్థం. ఎక్కువగా పిట్టల వేటగాళ్ల స్థలాలవి. సెప్టెంబరు నుంచి తుపాకుల చప్పుడు వినిపిస్తుంది కూడా. దారి దాటి లోపలికి పోకండి.

ఎండ

"మేము రెంటచింతల వాళ్లం, ముప్పై రెండు డిగ్రీలు మాకో లెక్కా" అంటారు మనవాళ్లు. అక్కడే పొరపాటు. మన ఊళ్లో ఆ ఎండకు ఇంట్లో ఉంటాం, ఇక్కడ ఆ ఎండలోనే నీళ్లలో ఉంటాం. సముద్రపు గాలికి ఒళ్లు కాలుతున్నట్టు తెలియదు, రాత్రికి తెలుస్తుంది. చెట్ల నీడ తక్కువ. జిగంతియా గుళ్లు ఐదు వేల ఏళ్లకు పైబడినవి, తప్పక చూడాల్సినవే, కానీ అవి ఆరుబయట ఉన్న రాళ్లు. పొద్దున్నే వెళ్లి పదకొండుకల్లా ఇంటికి చేరండి. ఇక్కడివాళ్లు మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకుంటారు, మనమూ అదే చేయాలి.

వడగాలులు వస్తే నలభై దాటుతుంది. 2023 జూలైలో ఆ వేడికి నేల కింద కేబుళ్లు పాడై, మాల్టాలోనూ గోజోలోనూ రోజుల తరబడి కరెంటు కోతలు పడ్డాయి. ఇన్సులిన్ లాంటి మందులు వాడేవాళ్లు ఫ్రిజ్ మీదే ఆధారపడకుండా చల్లని సంచి ఒకటి తెచ్చుకోండి. పాత రాతి ఇల్లు అద్దెకు తీసుకుంటే ఏసీ అన్ని గదుల్లో ఉందా, దానికి డబ్బులు వేరేనా అని ముందే అడగండి. ప్లగ్గులు బ్రిటన్ రకం, మూడు చదరపు కాళ్లవి.

కుళాయి నీళ్లు ఎక్కువగా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసినవే. తాగొచ్చు కానీ రుచి ఉప్పగా ఉంటుంది, చాలామంది సీసాలే కొంటారు. ఈ దీవిలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. స్నానాల గదిలో అది గుర్తుంచుకోండి.

కాగితాలు, మందులు, తిండి

మాల్టా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. జర్మనీ, ఫ్రాన్స్‌లలో నివాస అనుమతి ఉన్న పిల్లలకు ఇబ్బంది లేదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఉండేవాళ్లే పొరబడుతున్నారు. అక్కడి వీసాతో ఇక్కడికి రాలేరు, షెంగెన్ వీసా వేరుగా తీసుకోవాల్సిందే. చవగ్గా దొరికిందని టికెట్లు ముందే కొనేసి, వీసా రాక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. అది వీసా కోసం మాత్రమే అనుకోకండి. గోజో ఆసుపత్రి విక్టోరియాలో ఉంది. పెద్ద కేసులైతే మాల్టాలోని మాటర్ డెయ్ ఆసుపత్రికి తరలిస్తారు. పాలసీ కాగితం ఫోన్‌లో ఒకటి, చేతిలో ఒకటి ఉండాలి. రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులకు ఎక్కువే తెచ్చుకోండి. ఆదివారం మందుల షాపులు చాలావరకు మూసి ఉంటాయి.

శాకాహారులకు ఒక మాట. గోజో ఫ్తీరా అనే రొట్టె మీద బంగాళాదుంప ముక్కలు చూసి తీసుకుంటారు, లోపల చిన్న చేపలు ఉండొచ్చు. పస్తిజ్జి అనే పొరల పఫ్ బఠాణీదైనా, రికోటా జున్నుదైనా కొనేముందు అడగండి. చిక్కుడు జాతి గింజలతో చేసే బిగిల్లా మన పచ్చడిలా రొట్టెకి బాగుంటుంది.

రోడ్లు మనలాగే ఎడమ వైపు, కానీ సందులు మరీ ఇరుకు. కారు అద్దెకు తీసుకునేటట్టయితే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకోండి. పిల్లలు ముచ్చటపడి అడిగే నాలుగు చక్రాల క్వాడ్ బైకుల జోలికి మాత్రం వెళ్లొద్దు. కొండ మలుపుల్లో అవి ఇట్టే తిరగబడతాయి.

వాళ్ల ఊరు

ష్వేయ్‌నీలో ఉప్పుమడులు ఉన్నాయి. మన చినగంజాంలో మట్టి మడులు కడితే ఇక్కడ రాతినే తొలిచి గళ్లు గళ్లుగా చేశారు. దగ్గరికి వంగి చూస్తే ఒక్కో గుంటలో నీరు ఇంకిపోయి అంచులకు పాల మీగడలా తెల్లటి పొర కట్టి ఉంటుంది. తరతరాలుగా కొన్ని కుటుంబాలు వేసవిలో దాన్ని చీపురుతో ఊడ్చి పోగు చేస్తాయి. ఫొటోల కోసం చెప్పులతో అందులో నడిచేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అది వాళ్ల తిండి. దారి మీద నిలబడి చూడండి.

చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, ఒక చున్నీ చాలు. వేసవిలో ఊరూరా పండగలు, బాణసంచా చప్పుడు గుండె అదిరేలా ఉంటుంది. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే బస చేసే ఊళ్లో పండగ ఏ వారమో ముందే కనుక్కోండి.

తిరుగు ప్రయాణం

ఓడకు వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడు గోజో రేవులో కొనాలి. ఆగస్టు 15 శాంతా మారీయా పండగ. ఆ వారమంతా మాల్టా మొత్తం గోజోలోనే ఉంటుంది, కార్ల వరుస గంటల కొద్దీ కదలదు. వేసవిలో ప్రతి ఆదివారం సాయంత్రమూ దాదాపు అంతే. గాలి ఎక్కువైతే రాజధాని వల్లెట్టాకి వెళ్లే ఫాస్ట్ ఫెర్రీ ముందు ఆగిపోతుంది, మరీ ముదిరితే పెద్ద ఓడ కూడా ఆగుతుంది. అవతల దిగాక చిర్కెవ్వా నుంచి విమానాశ్రయానికి బస్సులో గంటకు పైగా పడుతుంది. తెల్లవారి విమానం ఉన్నవాళ్లు ముందురోజు మధ్యాహ్నమే గోజో దాటేయండి. ఆ రాత్రి మాల్టాలో పడుకోండి. మా ఇంట్లో అయినా సరే, రావడానికి రెండు రోజుల ముందు ఒక మెసేజ్ పెడితే పప్పుచారు చేసి ఉంచుతాను.