పాత డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మేయాలా, ఉంచుకోవాలా? మేడ మీద న్యూస్‌పేపరుతో తేల్చుకోండి

నేను రిటైరైన రోజున మా అల్లుడు జేబులో పట్టే కెమెరా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. కెనాన్ ఎస్‌ఎక్స్740. 40 రెట్ల జూమ్, బరువు 299 గ్రాములు. "అత్తయ్యా, ఇక ఆ బండరాయి మోసే పని లేదు, అమ్మేయండి" అన్నాడు. బండరాయంటే నా నికాన్ డి90, లెన్సులు మార్చుకునే రకం పెద్ద కెమెరా (డీఎస్‌ఎల్‌ఆర్ అంటారు). 2008లో వచ్చిన మోడల్. 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు తగిలించి తూస్తే కిలోన్నరకు కాస్త తక్కువ. మద్రాసులో మా వేలచ్చేరి నుంచి పళ్ళికరణై చిత్తడి నేల దాకా ఆటోలో వెళ్ళి, గూడబాతుల కోసం రెండు గంటలు నిలబడితే మెడ పీకేస్తుంది, కాదనను. కానీ ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. స్టెప్పులు లేకుండా జవాబు మాత్రం రాస్తే నేనెప్పుడూ మార్కులు వేయలేదు. అల్లుడని వేస్తానా?

అందుకని వారం రోజులు రెంటికీ పరీక్ష పెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి జత ఉంటే, కంపెనీలు వేరైనా సరే, ఇదే పద్ధతి పనికొస్తుంది. ఖర్చు ఒక న్యూస్‌పేపరు, కాస్త టేపు.

పేపరు తెలుగుదే అయి ఉండాలి. మన ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఉండే చిన్న గీత. ‘ప’కూ ‘ఫ’కూ అంతే, ‘డ’కూ ‘ఢ’కూ అంతే. కెమెరా తడబడితే మొట్టమొదట మాయమయ్యేది ఆ గీతే. పరీక్షకు ఇంతకన్నా మంచి ప్రశ్నపత్రం నాకు దొరకలేదు. చిన్న అక్షరాలూ, పెద్ద హెడ్డింగులూ కలిసి ఉన్న లోపలి పేజీ ఒకటి తీసి, మేడ మీద (ఇక్కడందరూ మొట్టమాడి అంటారు) వాటర్ ట్యాంకు గోడకు ముడతల్లేకుండా అతికించండి. అక్కడి నుంచి 20 అంగలు వెనక్కి రండి. ట్రైపాడ్ ఉంటే సరే. నాకు లేదు. దిండు గలీబులో రెండు కిలోల బియ్యం పోసి మూతి కట్టి, పిట్టగోడ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించాను. రెండు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేస్తే వణుకు బాధ లేదు. రెంటినీ చివరి దాకా జూమ్ చేసి, ఒక్కోదానితో ఐదేసి ఫొటోలు.

ఇదంతా ఒక్కసారి చేస్తే చాలదు. తెల్లవారి అప్పుడే చూపు ఆనుతున్నప్పుడు ఒకసారి, 9 గంటల ఎండలో ఒకసారి, సాయంత్రం దీపాల వేళ ఒకసారి చేయాలి. మిట్టమధ్యాహ్నం చేయకండి. మద్రాసు ఎండలో మేడ నేల మీంచి లేచే వేడి గాలికి ఎంత గొప్ప లెన్సయినా అక్షరాలు నీళ్ళలో కదిలినట్టే చూపిస్తుంది. అప్పుడు కెమెరాని తిట్టడం దండగ.

ఫొటోలు కెమెరా వెనక స్క్రీన్ మీద చూసి తీర్పు చెప్పొద్దు. కంప్యూటర్లో వేసి, న్యూస్‌పేపరు కాలమ్ రెండు ఫొటోల్లోనూ ఒకే వెడల్పు కనిపించేలా సరిచేయండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఒకటి 20 మెగాపిక్సెళ్ళది, ఇంకొకటి 12ది. రెంటినీ నూరు శాతానికి పెంచి పక్కపక్కన పెడితే వేరువేరు కొలతల్ని పోల్చినట్టే. తర్వాత ఏది దేనితో తీశారో చెప్పకుండా ఇంట్లో ఎవరినైనా చదవమనండి. నేను మా ఆయన్ని కూర్చోబెట్టాను. ‘ధర’ని ‘దర’ అని చదివితే ఆ ఫొటోకి సున్నా.

9 గంటల ఎండలో చిన్నది నెగ్గింది. సందేహమే లేదు. మా ఆయన చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేశారు. డి90 ఫొటోలో హెడ్డింగులు బాగానే ఉన్నాయి, చిన్న అక్షరాల దగ్గర ఊహించి చదవాల్సి వచ్చింది. అల్లుడికి ఫోన్ చేసి చెప్పాను కూడా. అయితే మర్నాడు తెల్లవారుజామున అదే గోడ, అదే పేపరు పెడితే కథ తిరగబడింది. చిన్న కెమెరా వెలుతురు చాలక ఐఎస్‌ఓని (తక్కువ వెలుతుర్ని పెంచి చూపే అంకె) 1600 దాకా లాగి, దానివల్ల వచ్చే మచ్చల్ని తుడవబోయి అక్షరాల్ని కూడా తుడిచేసింది. ‘ధ’లో గీత పోవడం అటుంచి, ఏ అక్షరమో పోల్చుకోవడమే కష్టమైంది. డి90 మాత్రం ముందురోజు ఎంత చూపించిందో దాదాపు అంతే చూపించింది.

ఎందుకంటే లెక్క ఇదీ. చిన్నదాని జూమ్‌కి కంపెనీ చెప్పే 960 మిల్లీమీటర్లు లెన్సు అసలు పొడవు కాదు, పోలిక కోసం చెప్పే అంకె. చిన్నదాని లెన్సు నిజంగా సాగేది 172 మిల్లీమీటర్ల దాకానే, అక్కడ ఎఫ్/6.9. ఎఫ్ పక్కన ఉండే అంకెతో పొడవుని భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే తూము వెడల్పు వస్తుంది, ఇక్కడ 25 మిల్లీమీటర్లు. నా పాత లెన్సుది 300ని 5.6తో భాగిస్తే 54 దగ్గర. వెడల్పు రెట్టింపు దాటింది కాబట్టి తూము వైశాల్యం నాలుగున్నర రెట్లు. ఆ వెలుతురు పడి ఫొటో తయారయ్యే పలక, అంటే సెన్సరు సంగతి చూస్తే, చిన్నదానిది సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు, డి90ది 370కి పైన. ఎండ దండిగా ఉన్నప్పుడు చిన్న తూమైనా చేను తడుస్తుంది. మబ్బు పట్టినప్పుడు తడవదు.

"డి90 ఫొటోనే కత్తిరించి పెద్దది చేసుకోవచ్చు కదా" అని మీరు అడగొచ్చు. చేసుకోవచ్చు. 300 మిల్లీమీటర్ల లెన్సు డి90 మీద ఆ పోలిక అంకెలో 450కి సమానం. 960 దాకా వెళ్ళాలంటే ఇంకా 2.13 రెట్లు. దాని వర్గం నాలుగున్నర. 12.3 మెగాపిక్సెళ్ళని నాలుగున్నరతో భాగిస్తే మిగిలేది 2.7. ఫోన్లో పంపడానికీ, 4 బై 6 ప్రింటుకీ సరిపోతుంది. గోడకు వేలాడదీయడానికి చాలదు. చంద్రుడితో చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. డి90లో చంద్రుడు ఫ్రేము ఎత్తులో ఆరో వంతు, చిన్నదానిలో మూడో వంతు. పిక్సెళ్ళలో చెప్పాలంటే అడ్డంగా 490కి 1,330. పైగా చంద్రుడు ఎండలో ఉన్న రాయే కదా, వెలుతురుకి కొదవలేదు. పున్నమి నాడు పిట్టగోడ మీద బియ్యం సంచీ పెట్టి చిన్నదానితో తీయండి, మీ పాత కెమెరా మీద జాలేస్తుంది.

ఎగిరే పిట్ట దగ్గర జాలిపడాల్సింది చిన్నదాని మీద. ఈ పరీక్షకు పళ్ళికరణై దాకా వెళ్ళక్కర్లేదు, మేడ మీద తిరిగే గద్ద చాలు. ఒక్కోదానితో పదేసి ప్రయత్నాలు చేసి, గద్ద ఫ్రేములో పడి, కన్ను స్పష్టంగా వచ్చినవి లెక్కపెట్టండి. నాకు డి90తో పదికి ఆరు వచ్చాయి. చిన్నదానితో ఒకటి, అదీ గద్ద పొరపాటున మా వైపు వచ్చినందుకు. ఈ మోడల్‌కి కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదు. చేతులు చాచి, ఎండలో వెలవెలబోయే స్క్రీన్ చూస్తూ, 40 రెట్ల జూమ్‌లో పిట్టని వెతకడమంటే నూతిలో పడ్డ సూదిని వెతకడమే. జూమ్‌ని తాత్కాలికంగా వెనక్కి లాగే బటన్ ఒకటి ఉంది. అది నొక్కి పట్టుకుని, పిట్ట దొరికాక వదిలితే మళ్ళీ దగ్గరకెళ్తుంది. గట్టు మీద కదలకుండా కూర్చున్న లకుముకిపిట్టకైతే ఇది భేషుగ్గా పనిచేస్తుంది. ఎగిరేవాటికి నా చేతకాలేదు.

వీడియో గురించి వాదనే వద్దు. వీడియో తీసిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ డి90నే అని నేను గొప్పలు పోయేదాన్ని. కానీ అది 720 నాణ్యతలో ఐదు నిమిషాలకు ఆగిపోతుంది, మధ్యలో దానంతటది ఫోకస్ చేయదు. చిన్నది 4కె తీస్తుంది.

ఇంట్లో, పెళ్ళి మంటపాల్లో, బడి వార్షికోత్సవాల్లో తీసేవాళ్ళు మాత్రం జూమ్ లెన్సుతో పోల్చి ఊరుకోకండి. డీఎస్‌ఎల్‌ఆర్ అసలు లాభం లెన్సు మార్చుకోగలగడం. నా దగ్గర 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 పాత రకం లెన్సు ఒకటి ఉంది. డి90 లోపల ఫోకస్ మోటారు ఉంది కాబట్టి అది దీని మీద చక్కగా పనిచేస్తుంది. డి3000, డి5000 వరస బాడీల్లో ఆ మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. పాతవి కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి. ఆ లెన్సుతో మా మనవరాలి కూచిపూడి ఫొటోలు తీశాక, చిన్న కెమెరాని మంటపంలో మళ్ళీ బయటికి తీయలేదు.

ఇక ఈ ఊరికి సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. 2015 డిసెంబరు వరదల్లో మా కింది వాటా మోకాలి లోతు మునిగింది. కెమెరా బ్యాగు అటక మీద ఉండి తప్పించుకుందని సంబరపడ్డాను. మూడు నెలల తర్వాత తీసి చూస్తే 70-300 లెన్సు లోపల సాలెగూడు దారాల్లా ఫంగస్. నీళ్ళు తగలక్కర్లేదు, చెమ్మ చాలు. బాగుచేసినతను అడిగిన డబ్బుతో ఇంకో పాత లెన్సు వచ్చేది. అందుకని పోలిక మొదలెట్టే ముందే లెన్సుని చీకటి గదిలో పట్టుకుని, వెనక నుంచి టార్చి వేసి, ఏటవాలుగా చూడండి. దారాలు గానీ పొగమంచు గానీ కనిపిస్తే ఆ లెన్సుతో పెట్టిన పరీక్షకు విలువ లేదు. ఇప్పుడు నేను మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. బట్టల బీరువాలో పెట్టకండి. చిన్నదానికి ఇంకో ప్రమాదం. జూమ్ చేసినప్పుడల్లా గొట్టం సాగి ముడుచుకుంటుంది కాబట్టి దుమ్ము లోపలికి పోయే వీలుంది, అది మనం ఇంట్లో తుడుచుకోగలిగేది కాదు. ఇలియట్స్ బీచిలో గాలి వీస్తుంటే నేను దాన్ని సంచీలోంచి తీయను.

బ్యాటరీ కూడా చూసుకోండి. లెక్క ప్రకారం డి90కి ఒక చార్జికి 850 ఫొటోలు, చిన్నదానికి 265. నా పాత బ్యాటరీ వయసైపోయి ఇప్పుడు అందులో సగం కూడా ఇవ్వడం లేదు. మీదీ అంతే అయితే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా కలుపుకోవాలి. డి90 షటర్‌ని లక్ష క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీ చెప్పింది. అమ్మేవాళ్ళయినా కొనేవాళ్ళయినా ఆ లెక్క ఎంత తిరిగిందో చూపించమని అడగడం మామూలే.

నోటుబుక్కులో మూడు గడులు గీసి, పొద్దున, ఎండ, దీపాలు అని పేర్లు పెట్టాను. పాత ఫొటోల్లోంచి 200 తీసి, ఏ గంటకు తీశానో చూసి ఒక్కో గడిలో గీతలు గీశాను. 130 దాకా ఏడు గంటల లోపువో, మంటపాల్లోవో. అది చూపించాక అల్లుడు ఇంకేం మాట్లాడలేదు. అయినా పోయిన ఆదివారం ఒక దుకాణంలో డి90 బాడీకి ఎంతిస్తారో కనుక్కొచ్చి చెప్పాడు. ఆ డబ్బుకి మా ఇంట్లో నెల సరిపడా బియ్యం వస్తాయేమో. గలీబులో ఉన్నవే ఇంకా వండలేదన్నాను.